చిన్నమ్మ తట్ట

నిన్న ధర్మవరం నుంచి మా మేనకోడలు ఫోన్‌కు ఒక ఫొటో పంపింది. వాళ్లింట్లో వంటచేసే ఆమె ముంజేతి మీద పాలిపోయిన మచ్చ. ఇది ఆ రోగమేనా అని అడుగుతూ, ఆమె గ్లాసు అప్పుడే వేరు పెట్టేశామని కింద ఒక ముక్క రాసింది. జీవితమంతా జనం చర్మపు తునకలను మైక్రోస్కోపు కింద చూసినవాణ్ణి, చీమూ నెత్తురూ నాకేనాడూ రోత పుట్టించలేదు గానీ ఆ గ్లాసు మాటకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

నేను హిందూపురం ల్యాబులో డాక్టరుగా చేరిన కొత్తల్లో, ధర్మవరంలో ఉండే మా చిన్నమ్మ చేతి మీదా ఇలాంటి మచ్చే లేచింది. వాళ్లత్తగారు అది కుష్ఠేనని తేల్చేసి, ఆమె నేసే మగ్గం మీది పట్టుదారం ముట్టనివ్వకుండా, అన్నానికి కంచంగా సొట్టలుపడిన అల్యూమినియం తట్ట ఒకటి వేరుగా పెట్టి, వసారాలో కూర్చోబెట్టింది. కుష్ఠే అయితే మాత్రం ఏమి, మందులు మింగితే తగ్గేదానికి!

అక్కడి డాక్టరు మచ్చలోంచి చిన్న తునక కోసి, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్ సీసాలో వేసి, చిన్నాయన చేతికిచ్చి నా దగ్గరికి పంపించాడు. ఆ ఘాటుకు బస్సులో పక్కవాళ్లు ముక్కులు మూసుకున్నారని, ఈ మహానుభావుడు పెనుకొండలో దిగి, మందు కాలవలో పారబోసి, కొళాయి నీళ్లు పట్టాడు. ఆ ఊళ్లోనే చుట్టాలింట పెళ్లి ఉంటే కడుపునిండా తిని, పడుకుని, మర్నాడు తీరిగ్గా వచ్చాడు. మూత తీస్తే చచ్చిన ఎలుక కంపు.

"ఆ గబ్బు మందు యాడ మోసేదప్పా, మంచినీళ్లే పోసినా గదా!" అన్నాడు, మెచ్చుకుంటానేమోనని నా మొహంలోకి చూస్తూ. పెళ్లాం ఒంటి ముక్క అది. ఛీ, ఈయనా ఒక మనిషేనా అనుకున్నాను.

చిన్నమ్మ ఇంకోసారి కోయించుకుంది. ఈసారి సీసా నేనే పోయి తెచ్చుకున్నాను. తునకను మైనంలో బిగించి, పల్చటి పొరలుగా తరిగి, రంగులేసి మైక్రోస్కోపు కింద చూశాను. నరాల చుట్టూ వాపు లేదు, కుష్ఠు క్రిముల జాడా లేదు. పూతమందుతో తగ్గిపోయే మామూలు మచ్చ.

ఆ మాట వినగానే అత్తగారు నవ్వుతూ స్టీలు తట్ట కడిగి తెచ్చి, లోపలికి వచ్చి కూర్చోమంది. చిన్నమ్మ మళ్లీ పట్టుదారం పట్టింది గానీ ఆ సొట్టల తట్ట మాత్రం వదల్లేదు. ఎందుకని అడిగితే, "వాళ్ల తట్టల్లో తినాలంటే ఇప్పుడు నాకే అసయ్యంగా ఉండాది నాయనా" అంది. పోయేదాకా అందులోనే తినింది.

ముందు ఆ గ్లాసుతో నువ్వు నీళ్లు తాగు, తర్వాత ఆమెను డాక్టరుకు చూపించు అని మేనకోడలికి రాశాను. ఆ రోజుల్లో తునక నా దగ్గరికి చేరాలంటే బస్సులెక్కి దిగాల్సి వచ్చేది, ఇప్పుడు ఫొటో రెప్పపాటులో వచ్చేస్తోంది. గ్లాసు మాత్రం అంతకన్నా ముందే వేరైపోతోంది.