మగ్గం ఆగిన మధ్యాహ్నాలు

ఆ రోజు పొద్దున్నే ఆసు ముందు కూర్చుంటే కుడిచేతి పిడికిలి బిగియలేదు. అప్పటికి చిన్నది పుట్టి ఏడాది దాటింది. మా పోచంపల్లి సాలె ఇళ్లలో మగవాళ్లు మగ్గం నేస్తే, నూలును మేకుల చుట్టూ తిప్పే ఆసు పని ఆడవాళ్లది. "బాలింత వాతం, అదే పోతది" అని అత్తమ్మ వావిలాకు వేసి నీళ్లు కాచింది. పోలేదు సరికదా, మోకాళ్లు, తుంట్లు కూడా పట్టుకున్నాయి.

చేతుల నొప్పి అందరికీ చెప్పాను. తుంటి నొప్పి ఎవరికి చెప్పను? ఆయన దగ్గరికి వస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. నోరు విప్పలేక, చాప తీసుకుపోయి పిల్లల పక్కన పడుకున్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు. కొన్నాళ్లకు నా ఆసు తీసి తోడికోడలికిచ్చాడు. ఆ వారమే అత్తమ్మ, "ఇంకో పిల్లను చూడాల్నారా?" అని ఆయనను అడగడం విన్నాను. ఇక నా బతుకు ఇంతేననుకున్నాను.

ఆయన మర్నాడే బండి కట్టి నన్ను పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. పూర్తిగా పోదు, అదుపులో పెడదాం" అని ఆస్పిరిన్ రాసింది. తర్వాత ఆయనను బయటికి పంపి, "మీ ఆయనతో పడుకుంటే నొస్తదా?" అని అడిగింది. అన్నాళ్లలో ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే. గోడవైపు తిరిగి ఏడ్చాను. నా ఒప్పుకోలు తీసుకుని ఆయనను లోపలికి పిలిచి అంతా చెప్పింది.

"నీకు నా మీద మనసు విరిగిందనుకున్న" అన్నాడాయన.

"మరి ఆసెందుకు తీసినవు?"

"చేతులు వాచినయని తీసిన."

"గా మాట చెప్పనీకి నోట్లె నాలుక లేదా?"

"నీకున్నదా?"

డాక్టరమ్మ నవ్వి, "పొద్దున జాయింట్లు బిగుసుకుంటయి, రాత్రికి అలసిపోతయి. వేడినీళ్లు పోసుకున్నంక కలిస్తే మంచిది. పక్కకు తిరిగి, మోకాళ్ల నడుమ మెత్తటి దిండు పెట్టుకో. నొస్తే ఆగుమను" అంది.

ఆస్పిరిన్ కడుపులో మంట పెట్టింది. తిన్నాక వేసుకుంటే తగ్గింది. వానాకాలం మళ్లీ మంచం పట్టాను, మళ్లీ లేచాను.

డాక్టరమ్మ చెప్పినట్టు నా వేడినీళ్ల స్నానం మధ్యాహ్నానికి మార్చుకున్నాను, ఆ వేళకు ఆయన మగ్గం దిగి లోపలికి వచ్చేవాడు. కానీ మా వాడలో పట్టపగలు మగ్గం చప్పుడు ఆగితే ఊరంతా అడుగుతుంది. మొదటి రోజే పక్కింటామె, "మగ్గమాగిందేంది?" అని కేకేసింది. మేమిద్దరం బిగుసుకుపోయాం.

అరుగు మీద నూలు కండెలు చుడుతున్న అత్తమ్మ, "పోగు తెగింది. నీ పని నువ్వు చూస్కోపో" అంది. ఆయన ఆమెకు ఎప్పుడు చెప్పాడో నాకు తెలియదు. ఇంకో పిల్ల మాట మళ్లీ రాలేదు.

ఇప్పుడు నా వేళ్లు వంకర పోయాయి, ఆసు పోయలేను. చాప మాత్రం మళ్లీ ఆయన పక్కకు వచ్చింది. అక్కల్లారా, దవాఖానకు పోతే చేతులే చూపించి రాకండి. అడగకపోయినా ఆ నొప్పి కూడా చెప్పండి, ఇంటాయనకూ చెప్పించండి.

నా నీళ్లు కాగుతుంటే చాలు, అత్తమ్మ కండెల బుట్ట పట్టుకుని అరుగు మీదికి పోతుంది.