మూటలోని జాకెట్ ముక్క

మా అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్లే గుడ్డ మూటను ఎన్నిసార్లు ఉతికినా దాని మడతల్లోంచి కుట్టుమిషన్ నూనె వాసన పోదు. ఇవాళ పొద్దున ఉతుకుదామని విప్పితే ఆ వాసనే మళ్లీ ముక్కుకు తగిలి, చేతిలో సబ్బు చేతిలోనే ఉండగా, నేను నరసరావుపేటలోని ఒక పెంకుటింటి వసారాలోకి, నా పదేళ్ల వయసులోకి వెళ్లిపోయాను. మూట మాత్రం ఎప్పటిలా లేదు, ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీ అయిందో చెప్పాలంటే ముందు అదెందుకు పుట్టిందో చెప్పాలి. ఇదంతా రాయమన్నది అమ్మే. పేర్లు మార్చమంది, అంతే.

మాది రొంపిచెర్ల దగ్గర ఒక ఊరు. నాకు ఆరేళ్లప్పుడు నాన్న చిక్కి చిక్కి పోయాడు. మరుసటి ఏడు పరీక్ష చేసి అమ్మకు హెచ్‌ఐవీ ఉందన్నారు, నాకు లేదన్నారు. మేం కోటమ్మత్త వాళ్ల దొడ్డివైపు రెండు గదుల్లో ఉండేవాళ్లం. ఆమె మాకు చుట్టం కాదు, ఆసామి భార్య. ఊళ్లో సగం పొలమూ, సగం మాటా వాళ్లవే. అమ్మ పనికి పోయేది కూడా వాళ్ల మిరపతోటల్లోకే. పక్క ఊళ్లో ఈ జబ్బే ఉందని తెలిసి ఒకామె గిన్నెలూ చాపా వీధిలో పెట్టించారని విన్న రోజునుంచీ అమ్మ ఆ సంగతి నోట్లోనే అదిమిపెట్టుకుంది. అది బయటపడితే గదీ పోతుంది, పనీ పోతుంది. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసిన రోజుల్లో ఊరంతా దగ్గేది కాబట్టి, ఆ రెండు నెలలు మాత్రం అమ్మ భయం లేకుండా దగ్గుకునేది.

నెలకొక శనివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని పేట బస్సెక్కేది. పత్తిమిల్లు వెనక సందులో, ఆ పెంకుటింట్లో, అమ్మలాంటి ఆడవాళ్లు పది పన్నెండు మంది చేరేవాళ్లు. దాన్ని నడిపే సరోజక్క వాళ్లను వంతులవారీగా గుంటూరు తీసుకెళ్లి మందులిప్పించేది, మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లొచ్చేది. అసలు సంగతి చెబితే ఇల్లు అద్దెకివ్వరని గుమ్మం మీద కుట్టు శిక్షణ కేంద్రమని బోర్డు పెట్టారు. లోపల ఒకే ఒక్క మిషన్, మస్తానమ్మ అనే ఆమెకు తప్ప ఎవరికీ కుట్టడం రాదు. అయినా వచ్చే ప్రతి మనిషీ చంకలో ఒక గుడ్డ మూట పెట్టుకుని రావాలన్నది అక్కడి కట్టడి. మాత్రల డబ్బాల మీది కాగితాలు గీకేసి, నడిచేటప్పుడు గలగలమనకుండా లోపల దూది కుక్కి, ఆ మూటల్లోనే చుట్టి తెచ్చుకునేవాళ్లు. మధ్యాహ్నం అందరి క్యారేజీలూ ఒకచోట విప్పితే గోంగూర పచ్చడీ, దోసకాయ పప్పూ, సరోజక్క పంచే ఉడకబెట్టిన గుడ్లూ, పల్లీ ఉండలూ. ఇంటి దగ్గర ఎవరి కంచం వాళ్లకు విడిగా ఉండే ఆ మనుషులు అక్కడ ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యి పెట్టి తినేవాళ్లు.

పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే నన్ను రెండు సందుల అవతలి గ్రంథాలయానికి పంపేవాళ్లు. పదో తరగతి దాటని నాకు అబ్బిన చదువంతా అక్కడిదేనని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. కనిపించిందల్లా నోటుపుస్తకంలోకి ఎక్కించేదాన్ని. ఒక ఆరోగ్యం పుస్తకంలో కలిసి తింటే ఈ జబ్బు రాదని చదివి, ఆ సాయంత్రం అమ్మ విడిగా పెట్టుకున్న కంచంలో చెయ్యి పెట్టి ముద్ద తీసుకున్నాను. అమ్మ చెయ్యి లాగబోయి, నేను చదివింది విని, ఆగిపోయింది. అప్పటినుంచీ నా పుస్తకాల మీద ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే మా కొంప ముంచబోయింది.

రెండేళ్లు గడిచాయి. ఒక గురువారం కోటమ్మత్త ఆకుపచ్చ పట్టుగుడ్డ తెచ్చి అమ్మ ఒళ్లో పడేసింది.

"ఏమే రవణా, వచ్చే బుధవారం మా పిల్ల పెళ్లి గదా. జాకెట్ నువ్వే కుట్టాల."

"నాకింకా చెయ్యి తిరగలేదొదినా."

"రెండేళ్లకు రాంది ఇంకెప్పుడొచ్చుద్దే? నెలనెలా పేట పొయ్యి ఏం నేరుస్తన్నావు? నేనొచ్చి అడగనా ఆ పంతులమ్మని?"

నవ్వుతూనే అంది. కోటమ్మత్త ఆ ఇంటి గుమ్మం తొక్కితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. శనివారం గుడ్డ తీసుకెళ్లి మస్తానమ్మ చేత కుట్టిద్దామనుకుంది అమ్మ. నేను ఊరుకోలేదు. గ్రంథాలయంలో ఒక కుట్టుపుస్తకం చూసి జాకెట్ బొమ్మ నోట్సులో గీసుకున్నానని, మనమే కత్తిరించి తీసుకెళితే ఆమెకు కుట్టడమొక్కటే మిగులుతుందని చెప్పాను. శుక్రవారం మధ్యాహ్నం నేను సుద్దముక్కతో గీశాను, అమ్మ కత్తిరించింది.

శనివారం మస్తానమ్మ ముక్కలు నేలమీద పరిచి చాలాసేపు చూసింది.

"ఏందే ఇది? రెండూ ఎడమ చేతులే. పెళ్లికూతురికి కుడిచెయ్యి లేదా ఏంది?"

"మా పిల్ల పుస్తకం చూసి గీసిందక్కా," అంది అమ్మ.

"ఆ రాసినాయన జాకెట్ తొడుక్కున్నోడేనా?"

అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. బొమ్మ దించుకున్నాను గానీ, బస్సు వేళయిందని దాని కింది రెండు వరుసలు వదిలేశాను. చేతుల గుడ్డను మడిచి రెండూ కలిపి కత్తిరించాలన్నది ఆ వరుసల్లోనే ఉందని తర్వాత వెళ్లి చూసుకున్నాను. తిరగేసి కుడదామంటే పట్టు రెండోవైపు వెలవెలబోయి ఉంది. మిగిలిన పీలికల్లో చెయ్యి రాదు. అలాంటి పట్టు కొనే డబ్బు ఎవరి దగ్గరా లేదు.

సరోజక్క తన మూట విప్పింది. ఆమెను చూసి ఒక్కొక్కరే విప్పారు. అన్నాళ్లూ ఎవరి మూటలో ఏముందో ఎవరూ చూడలేదు. పాత లంగా ముక్కలు, చిరిగిన దుప్పటి, చనిపోయిన మొగుడి చొక్కా. మాచర్ల వైపునుంచి వచ్చే నాగమణి మూటలో మాత్రం ఆకుపచ్చ పట్టు జాకెట్ ముక్క ఉంది, ఆమె పెళ్లిచీరలోది. ఒళ్లొచ్చాక కుట్టించుకోవాలని దాచుకుందట. అప్పటికి ఆమె మణికట్టు నా మణికట్టంత ఉండేది.

"వద్దులేవే," అంది అమ్మ.

"కత్తిరియ్యక్కా. నాకు ఒళ్లొచ్చేసరికి ఇంకోటి కొనుక్కుంటాలే," అంది నాగమణి.

సాయంత్రానికి జాకెట్ తయారైంది. మిగిలిన ముక్కను నాగమణి మడిచి, నా తల నిమిరి, మా అమ్మ మూటలో పెట్టింది. పిల్లకు కుట్టు నేర్పించు, పనికొచ్చుద్ది అంది.

కోటమ్మత్త జాకెట్‌ను వాకిట్లో వెలుగుకు పట్టి చూసింది.

"కుడిచెయ్యి ఒక ఛాయ తక్కువుందేందే?"

"పట్టు గదొదినా, ఎండకు అట్టా కనపడుద్ది."

"సర్లే. రెండేళ్లు ఉత్తినే పోలేదు నువ్వు," అని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత అమ్మ మస్తానమ్మ దగ్గర నిజంగానే కుట్టు నేర్చుకుంది. ఊళ్లో సగంమంది జాకెట్లు అమ్మే కుట్టేది. మా గది మాకు మిగిలింది. నాగమణికి మాత్రం ఒళ్లు రాలేదు. మరుసటి మిరపకోతలకు ఆమె లేదు.

ఇప్పుడు అమ్మ, నేను పేటలోనే ఉంటున్నాం. నేను జిరాక్స్ షాపులో పనిచేస్తాను. ఆ పెంకుటిల్లు పడగొట్టి సెల్‌ఫోన్ల షాపు కట్టారు. కేంద్రానికి డబ్బులిచ్చేవాళ్లు ఆపేశారని, సరోజక్క వేరే ఉద్యోగానికి వెళ్లిందని విన్నాం. మస్తానమ్మ ఫోను చానాళ్లుగా మోగదు. మందులు మేలైనవొచ్చాయి, రోజుకొక్క మాత్ర చాలు, గుంటూరు పోనక్కర్లేదు. పేట ఆసుపత్రిలోనే అరగంటలో పనైపోతుంది. వచ్చినవాళ్లు చున్నీలు ముఖాలకు చుట్టుకుని, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ కూర్చుని, ఎవరి దారిన వాళ్లు పోతారు. అమ్మ మాత్రం ఇన్నేళ్లూ మూట చంకలో పెట్టుకునే వెళ్లింది. ఎవరికోసమమ్మా అంటే ముడి ఇంకాస్త బిగించుకుని బయల్దేరేది.

పోయినసారి నేనూ తోడు వెళ్లాను. కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయేమో, మందులు తీసుకుని వరండాలో నడుస్తుంటే అడుగడుక్కీ సంచిలో డబ్బా గలగలమంటోంది. ఆ చప్పుడుకు బెదిరి గోడపక్కన నిలబడిపోయింది. అమ్మ లేచి వెళ్లి, మూట విప్పి, నాగమణి పెట్టిన ఆ పట్టు ముక్క తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"కొంచెం చించి లోపల కుక్కు, మిగతాది చుట్టు. మోగదు."

"పట్టుది గదా పెద్దమ్మా. మీకొద్దా?"

"నాకు ఒళ్లొచ్చిందిలేమ్మా," అంది అమ్మ.

ఆ పిల్ల గుడ్డను తడుముతూ, మీరంతా ఎక్కడన్నా కలుసుకుంటారా పెద్దమ్మా, నేనూ వస్తాను అని అడిగింది. అమ్మ చెయ్యి అలవాటుగా పత్తిమిల్లు సందు వైపు లేచింది. సగంలో ఆగి, కిందికి దిగింది.

మూట ఉతికి దండెం మీద ఆరేశాను. వచ్చే నెల అందులో ఏం పెట్టుకుని వెళుతుందో అమ్మను ఇంకా అడగలేదు.