హాల్‌టికెట్ మీది తెల్ల ముఖం

మొన్న మా అమ్మాయి ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు ఫోటో కావాలంటే చిత్తూరులో ఒక స్టూడియోకి వెళ్లాం. అద్దం ముందు, పళ్లు విరిగిన దువ్వెన పక్కన, పౌడరు డబ్బా ఒకటి మూత తీసి ఉంది. ఆ వాసన తగలగానే నాకు ఒళ్లు మండింది. మాతోనే ఉండే సుశీల చిన్నమ్మ, మా అమ్మ చెల్లెలు, నా పక్కనే నిలబడి ఉంది. ఆమె ఆ డబ్బా వైపు చూడనైనా చూడలేదు.

బంగారుపాళ్యం దగ్గర మా కాలనీలో నా చిన్నతనమంతా మామిడి వాసనే. ఎండాకాలమొస్తే అవ్వ, అంటే మా అమ్మమ్మ, తెల్లారేసరికి గుజ్జు ఫ్యాక్టరీకి పోయి, రోజంతా కాయలు కోసి, సొన తగిలి కాలిన వేళ్లతో తిరిగొచ్చి, ఆ వేళ్లతోనే రాగిసంగటి కెలికి ఊరిబిండి పచ్చడి నూరి పెట్టేది. మేం పిల్లలం వేపచెట్టు నీడన అచ్చనగండ్లు ఆడుతూ, టెంకలు పీచు తెల్లబడేదాకా చీకుతూ, గంగజాతరకు ముఖాలనిండా బొగ్గుమసి పూసుకుని వీధంతా గంతులేసేవాళ్లం. ఆ ఒక్కరోజే నలుపు ఆట. మిగతా రోజుల్లో అది తప్పు.

కాలనీలో పది పాసైన మొదటి ఆడపిల్ల చిన్నమ్మే. నర్సు కావాలని ఆమె పట్టు. ఊళ్లో టీ అంగడిలో మాకు గ్లాసులు వేరు. జ్వరంతో పడి ఉన్నవాడు సూది వేసే చెయ్యి ఎవరిదని అడగడని ఆమె ధీమా. పక్క కాలనీ రవి మీద మనసు పడింది, అతనూ పడ్డాడు. కానీ అతని తల్లి, మొగుడికి సర్కారు ఉద్యోగం వచ్చిందన్న గొప్పతో, "పిల్ల నలుపంట కదా" అని కబురు పెట్టింది. ఊరు మమ్మల్ని దూరం పెట్టేది చాలదా? మాలో మాకే మళ్లీ ఈ రంగుల ఎంపిక ఏమిటి?

"ఫోటో సూపిస్తే ఆయమ్మ నోరు మూతపడతాది" అని అవ్వ చిన్నమ్మను స్టూడియోకి లాక్కుపోయింది, నన్నూ వెంటబెట్టుకుని. మెడదాకా పౌడరు అద్దింది. "లైటు గట్టిగా పెట్టి, నెగటివు మీద పెన్సిలుతో దిద్దుతా, దొరసాని మాదిరి వస్తాది లేమ్మా" అన్నాడు ఫోటో ఆయన. అట్లే వచ్చింది. చిన్నమ్మ చూసి, "ఎవురు మే ఈమె?" అని పగలబడి నవ్వింది. ఒక కాపీ రవి ఇంటికి పోయింది, వాళ్లు సరేనన్నారు. నర్సు ట్రైనింగు దరఖాస్తుకూ ఫోటో అడిగితే, "ఇంగా రెండుండాయి కదా, అదే అంటిచ్చు" అన్నది అవ్వ.

పరీక్షనాడు గేటు దగ్గర ఒక సారు హాల్‌టికెట్‌నూ చిన్నమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"ఇది నువ్వు కాదు. ఎవరి బదులు రాయడానికి వచ్చినావు?"

"నేనే సార్. పౌడరు పూసినారు సార్."

అతను నవ్వి, పక్కవాడికి చూపించాడు. వాడూ నవ్వాడు. అవ్వ కాళ్లమీద పడింది. గంట కొట్టారు, గేటు మూసేశారు. పెరుగన్నం క్యారియరు పట్టుకుని నేను ఆ గేటు బయట నిలబడి ఉన్నాను.

ఆ వారమే రవి తల్లి కొడుకును వెంటబెట్టుకుని పిల్లను చూడటానికి వచ్చి, గడపలోనే ఆగిపోయింది. "ఫోటోలో పిల్ల యాడ?" అన్నది. రవి తన చెప్పుల వైపు చూసుకున్నాడు. తల్లి వెనుదిరిగితే ఆమె వెనకే నడిచి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లయినా అతన్ని తలుచుకుంటే పళ్లు కొరుకుతాను. మరుసటేడు అవ్వ ఇంక పరీక్ష మాట ఎత్తనివ్వలేదు. చిన్నమ్మ ఫ్యాక్టరీలో కత్తి పట్టింది.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, ఫ్యాక్టరీలో కాయలు మిషన్లే కోస్తున్నాయి, మా వీధిలో అచ్చనగండ్లు ఆడే పిల్ల ఒక్కతీ కనబడదు. పోవలసింది మాత్రం ఎక్కడికీ పోలేదు. మొన్న ఆ చిత్తూరు స్టూడియోలో కంప్యూటరు ముందున్న అబ్బాయి మమ్మల్ని అడగకుండానే మౌసు జరిపాడు, మా అమ్మాయి ముఖం నా కళ్లముందే తెల్లబడసాగింది.

"ఆపు!" అని అరిచాను.

"అందరూ ఇట్లే అడుగుతారు మేడం."

"మేం అడగలే. ఎట్లుండాదో అట్లే ఇయ్యప్పా."

ఫోటో చేతికొచ్చాక చిన్నమ్మ దాన్ని సొన మచ్చల వేళ్లతో పట్టుకుని, వెలుగులోకి పోయి, ఒకసారి ఫోటోనూ ఒకసారి పిల్లనూ చూసింది. ఆ సారు చూసినట్టే, మార్చి మార్చి చూసింది.

"ఇది మన పిల్లే" అన్నది. "గేటుకాడ ఎవురూ ఆపలేరు."