రెప్ప కింద ఎరుపు

కొంచెం దగ్గరికి జరగండి. గోడకు ఆనుకొని నిమ్మళంగా కూర్చోండి. చేతిలో పని ఉంటే మానొద్దు, పప్పు ఏరుకుంటూ కూడా వినొచ్చు. గిన్నె పక్కన పెట్టాల్సిన చోటు వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది.

కరోనా రావడానికి రెండేళ్ల ముందు. ఎండలు ముదిరి, యాసంగి కోతలు అయిపోయి, పొలాల్లో వరి కొయ్యకాళ్లు మాత్రమే మిగిలిన రోజులు. సూర్యాపేటలో దవాఖానలు ఉన్న వీధి వెనకే మా ఇల్లు. అప్పటికి చాలా ఏళ్లుగా పథ్యం క్యారియర్లు కడుతున్నాను. ఆపరేషన్ అయినవాళ్లకు, బాలింతలకు, కడుపు మంటతో వచ్చినవాళ్లకు ఇంటి వంట వండి క్యారియర్‌లో పంపడం నా పని. డాక్టర్లు చీటీ మీద ‘బ్లాండ్ డైట్’ అని రాస్తారు. కారం, పులుపు, మసాలా, వేపుడు లేని తిండి అన్నమాట. నేను చదివింది నాలుగో తరగతే అయినా, ఆ రెండు మాటలు ఎంత గజిబిజి రాతలో ఉన్నా గుర్తుపడతాను.

‘గ్యాస్ట్రైటిస్’ అనే మాట కూడా అట్లాగే నేర్చుకున్నాను. కడుపు లోపలి పొర వాచి ఎర్రబడితే అట్లా అంటారు. పేరు ఒకటే కానీ, ఒక్కొక్కరి కడుపు ఒక్కొక్క కారణానికి మండుతుంది. ఒక లారీ డ్రైవర్‌కు రాత్రంతా తాగిన చాయ్ వల్ల. ఒక పంతులమ్మకు పొద్దున తినకుండా బడికి పరుగెత్తడం వల్ల. ఎవరి మంట ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకోవడం నాకు వంట కన్నా ఇష్టం. అందుకే కొత్తగా వచ్చినవాళ్లను వాకిట్లో కూర్చోబెట్టి, విసుగు పుట్టేదాకా అడుగుతాను.

సైదులును కూడా అట్లాగే అడిగాను. అతనిది గరిడేపల్లి దగ్గర ఒక ఊరు, గొర్రెల కాపరి. కోతలయ్యాక మందను తోలుకొని ఊరూరా తిరుగుతారు. రాత్రిపూట రైతు పొలంలో మంద పెడితే ఆ నేలకు ఎరువు, వీళ్లకు గింజలు. ఆ నెల మంద మా ఊరి బయటి పొలాల్లో ఉంది. భార్య లింగమ్మ అతన్ని పట్టుకొని తెచ్చింది. అవును, పట్టుకొనే తెచ్చింది. పెద్ద మనిషి, భుజం మీద ఎండాకాలంలో కూడా గొంగడి, ఒక చెయ్యి బొడ్డుకు పైన అదిమి పెట్టుకొని ఉన్నాడు. డాక్టర్ దగ్గరికి అంతకు ముందే పోయారు. గ్యాస్ట్రైటిస్ అని మందులు రాసి, రెండు వారాలకు తగ్గకపోతే ఎండోస్కోపీ చేయాలన్నారట. నోటి గుండా సన్నని గొట్టం దింపి, దాని చివరన ఉన్న కెమెరాతో కడుపు లోపల చూడటం అది. గొట్టం మాట వినగానే సైదులు లేచి బయటికొచ్చాడట. మందులు వారం మింగి మానేశాడట.

“ఏమేం తింటవు తమ్మీ?” అని అడిగాను.

“ఏది దొరికితే గది.”

“గది కాదు వదినా,” అంది లింగమ్మ. “లేవంగనే చాయ్. మంద ఇడిసినంక చాయ్. గట్టు మీద బీడి. మిరపకాయ తొక్కు లేకుంటే ముద్ద దిగది. ఈయన కడుపు మండక నా కడుపు మండుతదా?”

“నీది ఎప్పుడూ మండుతనే ఉంటది గద,” అన్నాడు అతను.

చాయ్, బీడి, కల్లు, చింతపండు, తొక్కు అన్నీ మాన్పించాను. నూకల జావ పెట్టాను. మిర్యాలగూడ మిల్లు పక్కన ఉండే మా చెల్లెలు నాకు సన్న నూకలు పంపుతుంది. వాటిని దోరగా వేయించి, బాగా నీళ్లు పోసి, గరిటె నుంచి దారంలా జారేదాకా ఉడికించి, చల్లారాక పుల్లబడని పలచటి మజ్జిగ, ఇంత జీలకర్ర పొడి కలపాలి. మధ్యాహ్నం మెత్తటి అన్నం, పెసరకట్టు, సొరకాయో బీరకాయో. పొద్దున బూడిద గుమ్మడికాయ రసం అర గ్లాసు. కొంచెం కొంచెంగా, రోజుకు ఐదుసార్లు. లింగమ్మ ప్రతి పొద్దున ఆటోలో వచ్చి క్యారియర్ పట్టుకుపోయేది.

పది రోజులు తిరగకముందే మంట తగ్గింది. “నీ చెయ్యి మంచిది వదినా,” అని లింగమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. దాచడం ఎందుకు, నేను పొంగిపోయాను. ఆ వారం వచ్చిన ప్రతి మనిషికీ సైదులు కథ చెప్పాను. గొట్టం లేదు, గోళీ లేదు, జావతోనే తగ్గించానని చెప్పాను.

తరువాత లింగమ్మ ఒక చిన్న మాట అంది. కాలువ గట్టు ఎక్కేటప్పుడు ఆయన సగంలో కూర్చుంటున్నాడని, ఆయాసపడుతున్నాడని. ఎండలు కదా అన్నాను. రెండు రోజులకు మళ్లీ అంది. కారం మానితే నీరసం ఉంటది, బెల్లం వేసి రాగి జావ చేసిస్తాను అన్నాను. మూడోసారి అన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. దొంగచాటుగా ఏదో తింటున్నాడనుకున్నాను. గొర్రెలు కాసే ఇంట్లో మాంసం లేకుండా ఉండటం కష్టమని నాకు తెలుసు. లింగమ్మను అడిగితే, “నా కండ్ల ముందే ఉంటడు. నీ గిన్నె తప్ప వేరే గిన్నె ముట్టడు,” అంది.

మంట తగ్గిన మనిషికి బలం రావాలి. ఇతనికి బలం పోతున్నది. ఈ లెక్క నాకు తెగలేదు. పోపు వేస్తుంటే కూడా అదే ఆలోచన. ఒకరోజు మధ్యాహ్నం క్యారియర్లు పంపించేసి, ఆటో ఎక్కి మంద దగ్గరికి పోయాను.

పొద్దు ఇంకా ఉంది. లింగమ్మ గొర్రెలను తోలి ఇస్తుంటే, సైదులు ఒక్కొక్క గొర్రెనూ కాళ్ల మధ్య ఇరికించుకొని, బొటనవేలితో కింది రెప్పను కిందికి గుంజి చూసి వదిలేస్తున్నాడు. నాలుగు గొర్రెలు చూడటం, కూర్చొని ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ లేవడం. ముఖం చూస్తే మొదటిసారి వచ్చినప్పటి రంగు లేదు. పాతబడిన గోడ సున్నంలా ఉంది. ఒక గొర్రె మాత్రం దూరంగా కట్టేసి ఉంది.

“ఏందిది తమ్మీ, కండ్లు ఎందుకు సూస్తున్నవ్?”

“రెప్ప కింద ఎర్రగుంటె గొర్రె మంచిగున్నట్టు అక్కా. తెల్లగుంటె లోపల రక్తం పోతున్నట్టు. పురుగు తాగుతుంటది. పైకి మేస్తనే ఉంటది, మనకు తెల్వది. కన్ను సూస్తెనే దొరుకుతది.”

దూరంగా ఉన్నదాని సంగతి అడిగాను. అది కళ్లంలో వడ్ల కుప్ప మీద పడి మెక్కిందట. కడుపు పులిసి, పళ్లు కొరుకుతూ, నెమరు మానేసి నిలబడిందట. దానికి గింజ ఆపి, తినే సోడా కలిపిన నీళ్లు తాగించి, ఎండుగడ్డి మాత్రం కొద్దికొద్దిగా వేస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది. నేను అతనికి చేసే పథ్యమే అతను గొర్రెకు చేస్తున్నాడు.

“మరి ఇది తేరుకుంటున్నదని ఎట్ల తెలుస్తది?”

“పెంటికలు సూడాలె. మంచిగ గట్టిగ పడితె అయిపాయె. పలచగ పడితె ఇంక నాలుగు రోజులు.” ఇంకో గొర్రె రెప్ప గుంజి చూస్తూ అన్నాడు. “నల్లగ, జిగటగ, తారు లెక్క పడిందనుకో, కడుపుల పుండయ్యి రక్తం కారుతున్నట్టు. గప్పుడు మన వైద్యం నడవది. పశువుల దవాఖానకు తోలుడే.”

ఇంతమంది రోగులను విసుగు పుట్టేదాకా అడిగిన నేను, నోట్లోకి ఏం పోతున్నదనే అడిగాను. బయటికి ఏం వస్తున్నదని సిగ్గుకొద్దీ ఏనాడూ అడగలేదు. ఆ రోజు అడిగాను.

“తమ్మీ, నీకు ఎట్లొస్తున్నది?”

 కట్టెతో మట్టిలో గీత గీస్తూ, “నల్ల తిన్న గద, అందుకే జర నల్లగ వస్తున్నది,” అన్నాడు చివరికి. నల్ల అంటే మేక, గొర్రె కోసినప్పుడు గడ్డకట్టిన నెత్తురుతో చేసే వేపుడు.

“ఎప్పుడు తిన్నవ్?” అంది లింగమ్మ. “జాతరల తిన్నవ్. అదయి నెల దాటె.”

ఆమె వచ్చి అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గొర్రెను పట్టినట్టే ఒక చేత్తో గడ్డం పట్టి, ఇంకో చేతి బొటనవేలితో కింది రెప్పను గుంజింది. మొదట ఒక కన్ను, తరువాత రెండోది. లేచి, చేతులు చీరకు తుడుచుకుంది.

“తెల్లగుంది వదినా,” అంది మెల్లగా.

 నేను ఇంకొకటి అడిగాను, ఏమైనా మందులు మింగుతున్నావా అని. సైదులు చొక్కా జేబులోంచి మడతలు పడ్డ గోళీల పట్టీ తీశాడు. మంద కోదాడ దిక్కు ఉన్నప్పుడు మోకాళ్లు పట్టేస్తే ఎవరో చెప్పారట, ఏదో మందుల షాపులో కొన్నాడట. నాలుగు నెలల నుంచి, లేవగానే, పరగడుపున, రెండేసి.

“నాకెందుకు చెప్పలె?”

“నువ్వు తిండి సంగతి అడిగినవ్ అక్కా. గోళీ తిండా?”

 అతను అబద్ధమాడలేదు. నేనే అడగలేదు.

లే, దవాఖానకు పోదాం అన్నాను. మంద ఎవరు చూస్తరన్నాడు. తమ్ముడు వారంలో వస్తడు, వచ్చినంక పోత అన్నాడు. గొట్టం మాట పైకి అనలేదు కానీ గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేను బతిమాలాను, కోప్పడ్డాను. కదలలేదు. లింగమ్మ దూరంగా కట్టేసిన గొర్రె వైపు చూపించింది.

“దానికి తారు లెక్క పడితె వారం ఆగుతవా?”

సైదులు ఆ గొర్రెను చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత చేతికట్టె లింగమ్మకు ఇచ్చి, నా భుజం ఆసరాతో లేచాడు. ఆమె మంద దగ్గరే ఉండిపోయింది. ఆటోలో నేనే తీసుకుపోయాను. దారి పొడుగునా అతను మాట్లాడింది ఆ గొర్రె గురించే, ఎండుగడ్డి ఎంత వేయాలో లింగమ్మకు చెప్పడం మరిచానని.

దవాఖానలో డాక్టరమ్మ కోదాడ అమ్మాయి, చిన్న వయసు. వస్తూనే అతని కింది రెప్పను గుంజి చూసింది. అంత భయంలోనూ సైదులు ఆగలేకపోయాడు.

“మీరు గూడ గట్లనే సూస్తరా మేడం?”

ఆమెకు అర్థం కాలేదు. నేను గొర్రెల సంగతి చెబితే నవ్వింది. పట్టీ చూపించగానే ఆ నవ్వు పోయింది. రక్తం ఎక్కించారు. మరునాడు పొద్దున గొట్టం వేసి చూశారు. కడుపులో పుండు, అందులోంచి సన్నగా రక్తం ఊరుతూ ఉంది. ఆ గొట్టంలోంచే రక్తం కారకుండా ఆపారట. ఇంకో వారం ఆగి ఉంటే ఏమయ్యేదని నేను అడిగాను. “ఆ మాట ఇప్పుడెందుకులెండి,” అంది ఆమె.

వరండాలో నన్ను పక్కకు పిలిచి చెప్పింది. “మీ వంటలో తప్పేం లేదమ్మా. పుండు మానేటప్పుడు అలాంటి మెత్తటి తిండే పెట్టాలి. కానీ రక్తం కారే పుండుని జావ ఆపలేదు కదండీ.”

“మరి మంట తగ్గింది గద?”

“కొంత మీ పథ్యం వల్ల తగ్గి ఉండొచ్చు. కానీ ఆయన మింగేవి నొప్పి బిళ్ళలు. లోపల పుండున్నా ఒక్కోసారి నొప్పి తెలియనివ్వవు. చాలామంది ఇలాగే మోసపోతారు.”

ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. పది రోజుల్లో తగ్గించింది నా చెయ్యే అని చెప్పుకున్నదాంట్లో సగమో, అంతకన్నా ఎక్కువో, అతన్ని లోలోపల తింటున్న గోళీదే. మంచిపేరు నాకు వచ్చింది, రక్తం అతనికి పోయింది. ఎవరెవరికి ఆ కథ చెప్పానో గుర్తు చేసుకొని, కనిపించిన ప్రతివాళ్లకూ మిగతా సగం కూడా చెప్పాను. ఇప్పటికీ చెబుతున్నాను.

దవాఖాన నుంచి వచ్చాక రెండు నెలలు అతనికి నా క్యారియరే. ఈసారి డాక్టరమ్మ రాసిన మందులు ఒక్కటీ తప్పకుండా, ఆ పక్కన నా జావ. మోకాళ్లకు ఆ గోళీలు మాన్పించి వేరే మందు ఇచ్చింది, ఉప్పు వేసిన వేడినీళ్ల కాపడం పెట్టమంది. ఆ తరువాత మంద మిర్యాలగూడ దిక్కు పోయింది. జావ ఎంత పలచగా ఉండాలో లింగమ్మకు గరిటె జార్చి చూపించి పంపాను.

అప్పటి నుంచి నా అడిగే పద్ధతి మారింది. ఏం తింటావన్నదాని వెంటనే, ఏ గోళీ మింగుతావు, నొప్పికా జ్వరానికా, పరగడుపునా అని అడుగుతాను. ఆకు మందైనా, పొడి అయినా, ఎవరో ఇచ్చిందైనా చెప్పమంటాను. విరేచనం ఏ రంగులో వస్తున్నదని మొహమాటం లేకుండా అడుగుతాను. నల్లగా, జిగటగా అంటే ఆ రోజు క్యారియర్ కట్టను, ఆటో పిలుస్తాను. మంట తగ్గిందని ఎవరైనా నా చేతులు పట్టుకుంటే సంతోషమే, కానీ వాళ్ల కళ్లు చూసేదాకా ఆ సంతోషాన్ని నమ్మను.

మరుసటి ఏడు మంద మళ్లీ మా ఊరి పక్కకు వచ్చింది. ఒక పొద్దున సైదులు వాకిట్లో నిలబడ్డాడు, చేతిలో చెంబెడు గొర్రె పాలు. ఒళ్లు నిండింది. అక్కా బాగున్నవా అని అడగలేదు. ఇట్ల వెలుగులోకి రా అన్నాడు. వచ్చాను. గడ్డం పట్టుకొని, బొటనవేలితో నా కింది రెప్ప గుంజాడు. ఆ వేలు గరుకుగా ఉంది, గొర్రెల వాసన వేసింది.

“ఎర్రగనే ఉన్నది,” అన్నాడు. “మందల కలవొచ్చు.”

వెనక నుంచి లింగమ్మ అంది, “నోరు జర ఎక్కువ గని, మంచి జీవమే.”

ఇంతసేపు కూర్చొని విన్నారు. మీ పొయ్యి మీద జావ ఎప్పుడూ అడుగంటకూడదు. మీ ఇంట్లో తిన్నది తిన్నట్టు అరగాలి. మీకు జబ్బు చేస్తే అడగాల్సిన మాట అడిగే మనిషి మీ పక్కనే ఉండాలి. పసివాళ్ల నుంచి ముసలివాళ్ల దాకా, మీ ఇంట్లో ఎవరి రెప్ప గుంజి చూసినా, కింద ఎరుపు నిండుగా ఉండాలి.