తాడు కింద దూరిన ఓవర్‌మ్యాన్

మా గుట్ట పార్కులో కొత్త నడకదారికి ప్రారంభోత్సవం చేసింది నేనే. రిబ్బన్ కత్తిరించలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. వెల్లకిలా పడుకుని చేశాను! ఇప్పుడు నా కుడికాలు స్టూలు మీద ఉంది. తొందరేం లేదు, చాయ్ తాగుతూ వినండి. నేనెలాగూ లేచి ఎక్కడికీ పోలేను.

ముందు గుట్ట సంగతి. మంచిర్యాల దిక్కున మా బొగ్గుగనుల కాలనీ వెనకాల ఉంటుంది. పైకెక్కితే గోదావరి కనిపిస్తుంది. పాత దారి మాత్రం నిచ్చెన వేసినట్టు నిటారుగా పోతుంది. వానాకాలం వచ్చిందంటే అదే కాలువ. మట్టి కొట్టుకుపోయి టేకుచెట్ల వేళ్ళన్నీ బయటపడ్డాయి. నడిచేవాళ్ళు గుంతను తప్పించుకోవడానికి పక్కన నడుస్తారు, మరుసటేడు ఆ పక్క కూడా గుంతే. నేను వరంగల్‌లో బీఎస్సీ చదివే రోజుల్లో మా జియాలజీ లెక్చరర్ ఒకాయన అనేవారు, "నీళ్ళకు బుద్ధి లేదయ్యా, బద్ధకం ఉంది. దగ్గరి దారే చూస్తాయి" అని. మంచి మనిషి. ఎండాకాలంలో కూడా కోటు వేసుకునేవారు. అది వేరే కథ.

గనిలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉండి, ఓవర్‌మ్యాన్‌గా రిటైరయ్యాను. అంటే భూమి లోపల ఓ జిల్లాకు పెద్దమనిషిని అనుకోండి. దారి ఎంత వాలుంటే మనిషికి ఆయాసం రాదో, నీళ్ళు ఎటు పోతాయో నాకు కాళ్ళతోనే తెలుస్తుంది. పార్కు ఆఫీసరు దగ్గర పర్మిషన్ తీసుకుని, గుట్ట చుట్టూ మెలికలు తిరుగుతూ పోయే కొత్త దారికి సున్నంతో గీత గీశాను. పారలు, గడ్డపారలు, తట్టలు పట్టుకుని వచ్చింది ఎవరు? నాతో గనిలో పనిచేసినవాళ్ళే, ముప్ఫై మంది. అందరూ రిటైరైనవాళ్ళే. వాళ్ళకు పెద్ద కొమురయ్య. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పనిలో వాడిని మించినవాడు లేడు. ఒక్క చెట్టు నరకకుండా, రెండు నెలలు చెమటోడ్చి మొరం పరిచారు.

ఇక మిగిలింది రాయి. దారికి అడ్డంగా అక్కడక్కడా రాతి కాలువలు కట్టకపోతే మొదటి వానకే మా రెండు నెలల చెమట గోదావరిలో కలుస్తుంది. వానలు మొదలయ్యే మృగశిర కార్తె దగ్గరికొచ్చేసింది. అందుకే సామ్సన్‌కు ఫోన్ చేశాను. మా కాలనీలోనే పెరిగినవాడు, ఇప్పుడు కరీంనగర్‌లో గ్రానైట్ కోసే ఫ్యాక్టరీ నడుపుతున్నాడు. వాళ్ళ అమ్మ మరియమ్మ మా చర్చి వీధిలోనే ఉంటుంది.

"రాయిస్త కాకా, లారీ కూడ నేనే పంపుత," అన్నాడు. "గానీ ముందుగాల మనుషులు నడుసుడు చూపెట్టున్రి. ఇంతకుముందు ఓ దగ్గర ఫౌంటెన్‌కు ఇచ్చిన. ఇప్పుడండ్ల కప్పలే ఉన్నయి. ముసలోళ్ళు ఆయాసం లేకుంట పైదాక వస్తరని నా కండ్లతోని చూడాలె."

"ముప్ఫై మందిని చూపిస్తాను రా!" అన్నాను.

శనివారం పొద్దున ఆరింటికి వచ్చాడు. తొమ్మిదింటికి వేరే పని ఉందట. నేను ముందే అందరికీ హుకుం జారీ చేశాను. "ఎవరూ ఫోన్లు పట్టుకుని నడవద్దు, చూడ్డానికి బాగుండదు." కొమురయ్య అందరి ఫోన్లూ, బీడీకట్టలతో సహా, ఓ సంచీలో వేసి గేటు దగ్గర వాచ్‌మన్‌కు అప్పజెప్పాడు. గనిలో దిగే ముందు చేసినట్టే!

దారి మొదట్లో తాడు కట్టి ఉంది. మేకలు వచ్చి కొత్త మొరం తొక్కకుండా నేనే కట్టాను. విప్పబోతే ముడి రాలేదు. సరే అని తాడు పైకెత్తి, సామ్సన్‌ను కిందినుంచి దూరమని చెప్పి, వాడి వెనకాల నేనూ దూరాను. ముప్ఫై మందీ వరసగా నిలబడి చూస్తున్నారు. వెనకాలే రండి అని వేరే చెప్పాలా! చెయ్యి ఊపి నడిచాను.

దారిపొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. వాలు గురించి, వేళ్ళ గురించి, మా జియాలజీ సారు కోటు గురించి కూడా. పైకెక్కి రాతి మీద కూర్చున్నాం. గోదావరి మీద ఎండ పడుతోంది. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. వెనక ఒక్క మనిషి లేడు!

"ఏరి కాకా మీ ముప్పై మంది?"

"వస్తారు. మెల్లగా వస్తున్నారు."

"ఆయాసమొస్తుందా ఏంది?"

కొమురయ్యకు ఫోన్ చేశాను. రింగవుతుంది, ఎత్తడు. ఎట్లా ఎత్తుతాడు, సంచీలో ఉంది కదా! ఇంకో నలుగురికి చేశాను. అవన్నీ ఆ సంచీలోనే. పాపం వాచ్‌మన్, ఆ సంచీ పాటలు పాడుతుంటే ఏమనుకున్నాడో.

ముప్పావు గంటయింది. సామ్సన్ గడియారం చూసుకున్నాడు. "కాకా, పరేషాన్ గాకున్రి. వచ్చే ఏడాది చూద్దాం తియ్యి."

వచ్చే ఏడాదా! అప్పటికి దారెక్కడుంటుంది? "రెండే నిమిషాలు, ఇక్కడే ఉండు!" అని లేచాను. కొత్త దారిలో దిగితే పావుగంట పడుతుంది. పాత దారిలో అయితే రెండు నిమిషాలు. రెండూ దిగేది ఆ తాడు దగ్గరికే. ఆ పాత దారికి కంప అడ్డం పెట్టించింది నేనే. "ఈ దారి మూసివేయబడింది" అని బోర్డు రాసిందీ నేనే. మా సారు నీళ్ళ గురించి అన్నారు గానీ, మనిషి బద్ధకం గురించి కూడా ఒక మాట అనాల్సింది.

కంప దాటాను. మూడో అడుగుకు గులకరాళ్ళు కాలి కింద కదిలాయి. కూర్చున్నాను. అంటే కూర్చోవాలని కూర్చోలేదు! అక్కడినుంచి వానాకాలపు నీళ్ళు ఎట్లా పోతాయో సరిగ్గా అట్లాగే పోయాను. ఓ టేకు వేరు నా పాంటు సగం ఉంచుకుంది, ఇంకో వేరు కాలు మెలితిప్పింది. ఆగి కళ్ళు తెరిస్తే ఎదురుగా కొమురయ్య కాళ్ళు.

వంగి చూశాడు. "సార్, గీ తొవ్వ మీరే బంద్ వెట్టిన్రు గద!"

వాడి వెనక, తాడుకు అవతల, మిగతావాళ్ళంతా వరసగా కింద కూర్చుని ఉన్నారు. ఒక్కడు కూడా తాడు దాటలేదు.

"ఎందుకు రాలేదయ్యా! వాడు పోతానంటున్నాడు! వానలొస్తే దారి పోతుంది!"

కొమురయ్య నన్ను వింతగా చూశాడు. "మీరు వాపస్ రాలే గద సార్. మీరు లోపటికి పోయి, అంత చూసి, బయటికొచ్చి 'ఠీక్ హై' అన్నదాక ఎవ్వడు తాడు దాటద్దు. మీ మాటనే గద."

నిజమే. షిఫ్టు మొదట్లో నేను ఒక్కణ్ణే పోయి పైకప్పు తట్టి చూసి, తిరిగొచ్చి చెప్పేదాకా ఒక్కరినీ కదలనిచ్చేవాణ్ణి కాదు. ఓసారి ఇదే కొమురయ్య తొందరపడి తాడు కింద దూరబోతే కాలర్ పట్టి వెనక్కి గుంజాను, నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లు పూర్తికాకముందే లోపల కప్పు కూలింది. రిటైరయ్యాక నేను ఆ మాట మర్చిపోయాను. వాళ్ళు మర్చిపోలేదు.

"గంట కాదు సార్, పొద్దుగూకేదాక కూసుంటుంటిమి," అన్నాడు.

ఏడుపొచ్చింది. కాలి నొప్పికి అనుకున్నారు వాళ్ళు. నయమే.

ఆ తర్వాత ఎవరికీ పని చెప్పాల్సిన అవసరం రాలేదు. చేతికర్రల కోసం తెచ్చిన రెండు వెదురు బొంగులు వచ్చాయి. నలుగురు చొక్కాలు విప్పి, గుండీలు పెట్టి, బొంగులు వాటిలోంచి దూర్చారు. గనిలో నేర్పిన ఫస్ట్ ఎయిడ్! స్ట్రెచర్ తయారయ్యింది, నేను దాని మీద ఉన్నాను.

"దవాఖానకు పోదాం పట్టున్రి," అన్నాడు కొమురయ్య.

"దవాఖాన ఎక్కడికీ పోదు! నన్ను పైకి తీసుకుపోండి! ఠీక్ హై! విన్నారా? ఠీక్ హై!"

అంతే, తాడు తెంపేశారు. నలుగురు మోస్తూ, అలసిపోకముందే నలుగురు మారుతూ, మిగతావాళ్ళు వెనక వరసలో. సామ్సన్ కోసం మా ఆవిడ పంపిన చాయ్ ఫ్లాస్కు కింద మర్చిపోయానట, దాన్ని ఎవరో నా పొట్ట మీద నిలబెట్టారు. మెలిక తర్వాత మెలిక తిరిగాం. ఫ్లాస్కు ఒరగలేదు!

పైన సామ్సన్ పరుగెత్తుకొచ్చాడు. బనీన్ల మీద నలుగురు, మధ్యలో నేను. "అయ్యో కాకా! ఏమైంది?"

"వచ్చారు చూడు, ముప్ఫై మంది," అన్నాను. "ఎవరికైనా ఆయాసం ఉందేమో అడుగు. ముందు చాయ్ తాగు."

ఒక్కొక్కరి మొహం చూశాడు. తర్వాత దారిని చూశాడు. నన్ను చూడలేదు.

"గింత మంచిగ మోసుకొచ్చిన్రంటే," అన్నాడు మెల్లగా, "మా అమ్మను గూడ కుర్చీల కూసోబెట్టి తేవచ్చు గద. ఇన్నేండ్లు గుట్ట కిందనే ఉన్నది, మోకాళ్ళ నొప్పులతోని ఒక్కపారి పైకెక్కలే. గోదారి చూడలే."

"చూపిద్దాం రా," అన్నాడు కొమురయ్య.

మొన్న లారీ వచ్చింది. రాతి కాలువలు పడుతున్నాయి, వాన ఇంకా రాలేదు. సామ్సన్‌కు దండం, మోసినవాళ్ళకు దండం, నా కన్నా నా మాటను ఎక్కువ గుర్తుంచుకున్న ఆ ముప్ఫై మందికి వంద దండాలు.

నిన్న కొమురయ్య ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. "కాలువలు ఇయ్యాల్టితోని అయిపోతయి సార్. గానీ జనానికి తొవ్వ ఇంక తెరువలే. కొత్త తాడు కట్టినం."

"మళ్ళీ ఎందుకయ్యా?"

"మీరు నడుసుకుంట పోయిన్రు. మల్ల మోస్తే పోయిన్రు, మోస్తే దిగిన్రు. నడుసుకుంట బయటికైతే ఇంకా రాలే గద!"

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు. "జర గట్టిగ కట్టు కొమురయ్యా! గీయన మల్ల కింది నుంచి దూరుతడు!"

కాలు నేల మీద పెట్టడానికి మూడు వారాలు పడుతుందన్నాడు డాక్టరు. అప్పటిదాకా కొత్త దారి మూసే ఉంటుంది. తెరవాల్సిన పెద్దమనిషి, తానే మూసిన దారిలో దిగాడు కదా మరి!