చేతుల వాసన చూసే అక్క

మహబూబాబాద్‌లో మా పక్క వాటాలో ఉండే అక్క తన మూడేళ్ల కూతుర్ని ఎవరినీ వెంటనే ఎత్తుకోనిచ్చేది కాదు. ముందు మన చేతులు పట్టుకుని వాసన చూసేది. పాపకు ఆవుపాలు పడవు. పాలు, పెరుగు, నెయ్యి ఏది లోపలికి పోయినా ఒళ్లంతా దద్దుర్లు లేచేవి. వాడకట్టు ఆడవాళ్లు ఆమె వెనక నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను.

ఒకరోజు ఆమె నీళ్లు పట్టడానికి పోతూ పాపను నా దగ్గర కూర్చోబెట్టింది. పాప ఏడుస్తుంటే బిస్కెట్ ముక్క ఇచ్చాను. అందులోనూ పాలుంటాయని నాకు తట్టలేదు. నిమిషాల్లోనే పాప పెదవులు ఉబ్బాయి, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

నా కేకకు అక్క బిందె వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఏం పెట్టినవ్ చెల్లే?"

నేను చెప్పేలోపే పాపను ఎత్తుకుని ఆటో ఎక్కింది. నేనూ వెనకే ఎక్కాను.

దవాఖానలో సూది వేశాక పాప ఊపిరి కుదుటపడింది.

"పిల్ల ఒళ్లు పాలను విషం అనుకొని కొట్లాడుతదమ్మా. ఈసారి బతికింది. మళ్లొస్తే ఎట్లుంటదో చెప్పలేం," అన్నాడు డాక్టర్.

అక్క పాప మూతికి అంటిన బిస్కెట్ పొడిని కొంగుతో తుడిచింది.

మరుసటి ఏడాది పాపను బడిలో వేశారు. మొదటిరోజు నేనూ తోడు వెళ్లాను. అక్క తరగతి గది బయట నేల మీదే కూర్చుంది. సారు వచ్చి ఇంటికి పొమ్మన్నాడు.

"లోపల నలభై టిఫిన్ డబ్బాలున్నయి సార్, సగం డబ్బాల్ల పెరుగన్నమే. ఎట్ల పోవాలె?" అంది అక్క.