నూలు రంగు కాదు

మూడేళ్ల కిందట నాకు టీబీ అని తేలింది. పసిపాపకు అంటుకుంటుందని నా భార్య పుట్టింటికి వెళ్లింది. నల్గొండ పక్క మా ఊళ్లో మగ్గం, నేను మిగిలాం. మందులు మొదలైన మర్నాడే మూత్రం ఎర్రగా వచ్చింది. ఇన్నేళ్లు నూలుకు అద్దిన రంగే ఒంట్లోకి దిగిందనుకుని దవాఖానకు పరుగెత్తాను.

"సిస్టర్, రంగు నా నెత్తుట్ల కలిసింది!" అని అందరి ముందూ అరిచాను.

ఆమె నవ్వింది. "అది గోలీ రంగే అన్నా, కండ్లనీళ్లు సుత గట్లనే వస్తయి, ఫికర్ చెయ్యకు. టీబీ పురుగు లోపట డిజైన్ ఉంటది. దానికి నకలు తీస్కుంటెనే అది బతుకుతది. గీ గోలీ నకలు తియ్యనియ్యది."

నేతగాణ్ని, డిజైన్ అందకపోతే మగ్గం ఆగిపోతుందని తెలుసు; వెంటనే అర్థమైంది. భార్య వెళ్లాక నాతో అంతసేపు మాట్లాడింది ఆమె ఒక్కతే.

ఇంటికొచ్చి తెల్ల తువాలుతో ముఖం తుడుచుకున్నాను. రెండు నారింజ రంగు మరకలు పడ్డాయి. ఏడ్చానని అప్పుడే తెలిసింది.